నాణెం పుట్టుకలో తప్పా, తర్వాత తగిలిన దెబ్బా?

చిల్లరలో అప్పుడప్పుడు ఒక వింత నాణెం చేతికి వస్తుంది. అంచు కాస్త తెగి ఉంటుంది. లేదా బొమ్మ ఒక పక్కకు జరిగి ఉంటుంది. లేదా సంవత్సరంలో ఒక అంకె ఉండదు. ఇలాంటి వాటిలో కొన్ని టంకశాలలోనే తప్పుగా తయారై, తనిఖీలో దొరక్కుండా బయటికి వచ్చినవి. వీటిని ఎర్రర్ నాణేలు (తయారీలోనే లోపం ఏర్పడిన నాణేలు) అంటారు. సేకరించేవారు వీటికి ముఖ విలువకు మించి డబ్బు పెడతారు. కానీ చేతికొచ్చే వింత నాణేల్లో ఎక్కువ భాగం ఇవి కావు. అవి సరిగ్గానే తయారై, బయటికి వచ్చాక దెబ్బతిన్నవి. ఇంకొన్నిటిని ఎవరో పనిగట్టుకుని మార్చి ఉంటారు.

ఈ తేడా తెలుసుకోవలసిన అవసరం ఇప్పుడు పెరిగింది. మీ దగ్గర ఫలానా నాణెం ఉంటే లక్షలు వస్తాయని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటిని నమ్మి కొనేవారు ఉన్నారు. అమ్మబోయి మోసపోయేవారూ ఉన్నారు. తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల బేరాల్లో రుసుములు, కమీషన్లు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. అలాంటి బేరాలతో తనకు సంబంధం లేదని స్పష్టం చేసింది.

అసలు లోపాన్ని గుర్తించడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. సరైన ప్రశ్న వేసుకుంటే చాలా వరకు తేలిపోతుంది. ఈ నాణెం ఎంత వింతగా ఉంది అన్నది ఆ ప్రశ్న కాదు. టంకశాలలో ఏ దశలో ఇది ఇలా అయ్యే వీలుంది అన్నదే ప్రశ్న. ఆ దశను చూపించగలిగితే అది ఎర్రర్ నాణెం కావచ్చు. చూపించలేకపోతే అది దెబ్బతిన్న నాణెమే. కాబట్టి ముందు నాణెం ఎలా తయారవుతుందో చూద్దాం.

నాణెం తయారయ్యే తీరు

మన దేశంలో నాణేలు ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలల్లో తయారవుతాయి. హైదరాబాద్ టంకశాల 1903 నుంచి సైఫాబాద్‌లో నడిచింది. నిజాం కాలంలో అక్కడ హాలీ సిక్కాలు ముద్రించేవారు. 1997లో పని చర్లపల్లికి మారింది. ఊరు ఏదైనా పద్ధతి ఒకటే.

మొదట లోహపు రేకును యంత్రం కిందికి నడిపిస్తారు. యంత్రం దాని నుంచి గుండ్రటి బిళ్ళలను కోస్తుంది. కోసిన బిళ్ళలను కొలిమిలో వేడి చేసి మెత్తబరుస్తారు. కడిగి శుభ్రం చేస్తారు. తర్వాత బిళ్ళ అంచును చుట్టూ నొక్కుతారు. దాంతో అంచు దగ్గర సన్నని గట్టు లేస్తుంది. ఇప్పుడది ప్లాంచెట్ (ముద్ర పడడానికి సిద్ధమైన ఉత్త బిళ్ళ) అవుతుంది.

ఆ బిళ్ళను ముద్రణ యంత్రంలో రెండు ఉక్కు అచ్చుల మధ్య పెడతారు. ఒక అచ్చు మీద బొమ్మ, రెండో దాని మీద బొరుసు తిరగేసి చెక్కి ఉంటాయి. బిళ్ళ చుట్టూ కాలర్ (బిళ్ళను పక్కలకు పరుచుకోనివ్వకుండా పట్టి ఉంచే ఉక్కు వలయం) ఉంటుంది. అచ్చులు టన్నుల కొద్దీ బలంతో బిళ్ళను నొక్కుతాయి. ఆ ఒత్తిడికి లోహం కదిలి అచ్చులోని పల్లాల్లోకి, కాలర్ వైపుకి పారుతుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో జరుగుతుంది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, అచ్చులో పల్లం ఉన్న చోట నాణెం మీద మిట్ట వస్తుంది. రెండు, ముద్ర పడేటప్పుడు లోహం పారుతుంది, అలా పారిన గుర్తు నాణెం మీద ఉండిపోతుంది. అసలు లోపానికి, తర్వాతి దెబ్బకు తేడా చెప్పేది ఎక్కువగా ఈ రెండు విషయాలే.

తయారీ లోపాలను మూడు రకాలుగా చూస్తారు. బిళ్ళలో వచ్చేవి, అచ్చులో వచ్చేవి, ముద్ర వేసేటప్పుడు వచ్చేవి. ఒక్కో రకానికీ దాన్ని పోలిన నకిలీ ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

బిళ్ళలో వచ్చే లోపాలు

అంచు తెగిన నాణెంతో మొదలుపెడదాం. పరిచిన పిండిలో గిన్నె అంచుతో బిళ్ళలు కోసేటప్పుడు, గిన్నె ముందు కోసిన ఖాళీ మీదికి కొంచెం జరిగితే తర్వాతి బిళ్ళ నెలవంక మేర తగ్గి వస్తుంది. టంకశాలలోనూ రేకు సరిగా ముందుకు జరగకపోతే ఇదే జరుగుతుంది. ఇలా వచ్చినదాన్ని క్లిప్ (ముద్రకు ముందే బిళ్ళలో తెగిన భాగం) అంటారు.

మరి కత్తిరించి లేదా ఆకురాయితో అరగదీసి చేసిన నాణెం కూడా ఇలాగే కనిపిస్తుంది కదా? పైకి అలాగే కనిపిస్తుంది. తూకమూ రెండింటిలోనూ తక్కువే వస్తుంది. తేడా చూడాలంటే తెగిన చోటికి సరిగ్గా ఎదురు వైపు అంచును గమనించాలి. అసలు క్లిప్‌లో అక్కడి గట్టు పలచగా, అస్పష్టంగా ఉంటుంది. కారణం ఇది. అంచును నొక్కే యంత్రంలో బిళ్ళ రెండు వైపుల నుంచి ఒత్తిడి పడుతూ తిరుగుతుంది. ఒక వైపు లోహం లేకపోతే ఎదురు వైపు కూడా ఒత్తిడి అందదు. కాబట్టి అక్కడ గట్టు సరిగా లేవదు. దీన్ని బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. ఇది ప్రతి అసలు క్లిప్‌లోనూ ఒకే స్థాయిలో కనిపించదు. కానీ కనిపిస్తే బలమైన సాక్ష్యం. నాణెం పూర్తిగా తయారయ్యాక కత్తిరించిన దానిలో ఎదురు గట్టు మామూలుగానే ఉంటుంది.

రెండో గుర్తు అక్షరాల్లో ఉంటుంది. అసలు క్లిప్ దగ్గర అక్షరాలు సాగి, పలచబడి ఉంటాయి. అడ్డుకునే లోహం లేక అక్కడి లోహం ఖాళీ వైపు పారడం వల్ల అలా అవుతుంది. నకిలీలో అక్షరం నిండుగా ఉండి, ఉన్నట్టుండి తెగిపోతుంది. కోత పక్కన లోహం అసలు కదిలి ఉండదు.

ముద్ర అసలే పడని ఉత్త బిళ్ళలు కూడా అప్పుడప్పుడు బయటికి వస్తాయి. నాణేన్ని రెండు వైపులా సానపట్టి ఇలాంటి బిళ్ళను ఇంట్లోనే తయారు చేయవచ్చు. ఇక్కడ తూకం నిజం చెబుతుంది. 2011 తరహా రూపాయి బరువు 3.79 గ్రాములు. అదే తరహా రెండు రూపాయలది 4.85 గ్రాములు, ఐదు రూపాయలది 6 గ్రాములు. ఉత్త బిళ్ళ బరువు దాదాపు నాణెం బరువే ఉండాలి. సానపడితే లోహం పోతుంది, బిళ్ళ పలచబడుతుంది, గట్టు కూడా అరిగిపోతుంది.

ఒక నాణేనికి కేటాయించిన బిళ్ళ ఇంకో నాణెం అచ్చుల కిందికి పోవడం మరో రకం లోపం. దీనికి తూకంతో పాటు అయస్కాంతం కూడా కావాలి. 2011 తరహా రూపాయి ఫెరిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసింది, కాబట్టి అయస్కాంతానికి అంటుకుంటుంది. అదే తరహా ఐదు రూపాయలది నికెల్ ఇత్తడి, కాబట్టి అంటుకోదు. పసుపు రంగు రూపాయి అని ఎవరైనా అమ్మజూపితే ముందు అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకుంటే అది పైన రంగు పూసిన మామూలు రూపాయే అనుకోవాలి.

అచ్చులో వచ్చే లోపాలు

ఒక్కో అచ్చు లక్షల నాణేలను నొక్కుతుంది. ఆ క్రమంలో అది అలసి పగుళ్లు ఇస్తుంది. పగులు అంటే అచ్చులో సన్నని పల్లం. లోహం ఆ పల్లంలోకి పారుతుంది. కాబట్టి నాణెం మీద అది ఎత్తుగా లేచిన గీతలా కనిపిస్తుంది. బయట పడిన గీత ఎప్పుడూ లోపలికే ఉంటుంది. భూతద్దం కింద పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా తిప్పితే గీత మిట్టో పల్లమో తెలిసిపోతుంది. ఈ ఒక్క పరీక్షతో చాలా సందేహాలు తీరిపోతాయి.

అచ్చులోని అక్షరాల్లో జిడ్డు, దుమ్ము పేరుకుంటే లోహం అక్కడికి పారదు. అప్పుడు నాణెం మీద ఆ అక్షరం మసకగా వస్తుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. సంవత్సరంలో అంకె లేని నాణేలు కొన్ని ఇలా వచ్చినవే. అంకెను గీకేసి కూడా ఇలాంటిది చేయవచ్చు. గీకిన చోట నేల (బొమ్మ, అక్షరాలు లేని చదునైన భాగం) కొంచెం లోతుగా ఉంటుంది. సన్నని గీతలు ఉంటాయి. మెరుపు తెగిపోతుంది. జిడ్డు వల్ల పోయిన చోట నేల చుట్టుపక్కలతో కలిసిపోయి ఉంటుంది. అక్షరం క్రమంగా మసకబారుతుంది.

దీనికి అమెరికాలో ఒక పాత ఉదాహరణ ఉంది. డెన్వర్ టంకశాలలో 1937లో ముద్రించిన అయిదు సెంట్ల నాణెం మీద అడవిదున్న బొమ్మ ఉంటుంది. అచ్చును మరీ ఎక్కువగా సానపట్టడంతో కొన్ని నాణేల మీద ఆ దున్నకు ఒక ముందు కాలు రాలేదు. వాటికి గిరాకీ పెరగడంతో మామూలు నాణెం మీద కాలు గీకి అమ్మేవారు పుట్టుకొచ్చారు. అయితే అసలు నాణెం మీద దున్న పొట్ట కింద చిన్న చుక్కల వరుస ఎత్తుగా కనిపిస్తుంది. ఆ చుక్కలు అచ్చులోవి, అందుకే మిట్టగా వచ్చాయి. ఉన్న కాలును గీకి తీసేయడం తేలికే. లేని మిట్టలను నాణెం మీద పుట్టించడం చాలా కష్టం.

అక్షరాలు రెండేసిగా కనిపించే నాణేల విషయంలో ఎక్కువ మంది పొరబడతారు. అచ్చును తయారు చేసేటప్పుడు దాని మీద మూల బొమ్మను ఒకటికి రెండుసార్లు నొక్కడం పాత పద్ధతి. రెండోసారి కొంచెం పక్కకు జరిగితే అచ్చులోనే జంట అక్షరాలు పడతాయి. ఫిలడెల్ఫియాలో ముద్రించిన 1955 నాటి అమెరికా సెంటు దీనికి పేరుపొందింది. అచ్చులోనే జంట ఉంటే, నాణెం మీద రెండు అక్షరాలూ నిండుగా, గుండ్రంగా లేచి ఉంటాయి. అక్షరం వెడల్పు పెరుగుతుంది.

దీన్ని పోలినది ఇంకొకటి ఉంది. ముద్ర పడ్డాక అచ్చు వదులుగా ఉండి కొంచెం కదిలితే, అప్పుడే లేచిన అక్షరం అంచును అది చదును చేస్తుంది. అప్పుడు అక్షరం పక్కన పల్చటి మెట్టు ఏర్పడుతుంది. అసలు అక్షరం వెడల్పు తగ్గుతుంది. ఇది టంకశాలలో జరిగినదే అయినా చాలా సాధారణం. సేకరించేవారు దీనికి విలువ ఇవ్వరు. అక్షరం లావెక్కిందా, సన్నబడిందా అని చూడడమే ఇక్కడ పరీక్ష.

ముద్ర వేసేటప్పుడు వచ్చే లోపాలు

బిళ్ళ అచ్చుల మధ్య సరిగా కూర్చోకపోతే ముద్ర పక్కకు పడుతుంది. నాణెం మీద ఒక వైపు ఖాళీ నెలవంక మిగులుతుంది. రెండో వైపు బొమ్మ కొంత బయటికి పోయి ఉంటుంది. బిళ్ళ కాలర్‌లో పూర్తిగా ఉండదు కాబట్టి పక్కలకు పరుచుకుంటుంది. ఒకవేళ బిళ్ళ మధ్యలోనే ఉండి కాలర్ పైకి రాకపోతే, నాణెం చుట్టూ సమంగా వెడల్పవుతుంది.

రైలు పట్టాల మీద పెట్టి అణిచిన నాణెం, సుత్తితో కొట్టిన నాణెం కూడా వెడల్పుగానే ఉంటాయి. తేడా బొమ్మలో ఉంది. టంకశాలలో పరుచుకున్న నాణెం మీద మధ్య భాగం స్ఫుటంగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని వెడల్పు చేసింది అచ్చే. పట్టాల మీద అణిగిన దానిలో ముందు నలిగేది బొమ్మే. అక్షరాలు చదునై, ఒకే దిక్కుకు సాగిపోతాయి.

ముద్ర పడిన నాణెం ఒక్కోసారి పై అచ్చుకే అంటుకుని ఉండిపోతుంది. తర్వాత వచ్చిన బిళ్ళకు అచ్చు తగలదు, ఆ నాణెమే తగులుతుంది. అప్పుడు కొత్త నాణేనికి ఒక వైపు మామూలు బొమ్మ వస్తుంది. రెండో వైపు అదే బొమ్మ తిరగేసి, లోపలికి దిగి వస్తుంది. దీన్ని బ్రోకేజ్ (నాణెమే అచ్చుగా మారి వేసిన తిరగేసిన ముద్ర) అంటారు. దీని నకిలీ తయారు చేయడానికి రెండు నాణేలను బెంచీ వైస్‌లో బిగించి నొక్కుతారు. అప్పుడూ తిరగేసిన బొమ్మ పడుతుంది. కానీ అది అప్పటికే ఉన్న ముద్ర మీద పడుతుంది. కింది బొమ్మ చదునై, ఆనవాళ్లు మిగిలే ఉంటాయి. నిండు బ్రోకేజ్‌లో ఆ వైపు వేరే బొమ్మ జాడే ఉండదు.

బొమ్మకు, బొరుసుకు దిశ తప్పడం ఇంకొక లోపం. మన నాణేన్ని పైన, కింద రెండు వేళ్లతో పట్టుకుని పక్కకు తిప్పితే రెండో వైపు కూడా నిటారుగానే ఉండాలి. అచ్చు వదులై తిరిగిపోతే రెండో వైపు వంకరగానో తలకిందులుగానో వస్తుంది. ఒకే లోహపు ముక్క మీద దీన్ని ఇంట్లో చేయడం కుదరదు. అందుకే కొందరు రెండు నాణేలను సగానికి కోసి అతికిస్తారు. రెండు వైపులా ఒకే బొమ్మ ఉన్న నాణేలు కూడా చాలావరకు గారడీ కోసం ఇలా చేసినవే. గట్టు లోపలి వైపు భూతద్దంతో చూస్తే అతుకు గీత కనిపిస్తుంది. కింద పడేస్తే మోత కూడా బోలుగా వస్తుంది.

పది రూపాయల నాణెం రెండు లోహాలది. దాని బయటి వలయం, మధ్య బిళ్ళ ముద్ర పడే క్షణంలోనే ఒకదానికొకటి బిగుసుకుంటాయి. మధ్య బిళ్ళ లేకుండా ముద్ర పడితే వలయం లోహం లోపలి ఖాళీలోకి పారుతుంది. లోపలి అంచు ఉబ్బినట్టు, వంకరగా ఉంటుంది. ముద్ర పడ్డాక మధ్య భాగాన్ని తోసేస్తే లోపలి అంచు శుభ్రంగా ఉంటుంది, లేదా సుత్తి దెబ్బల గుర్తులు ఉంటాయి. కాబట్టి ఖాళీ వలయం ఎవరైనా చూపిస్తే లోపలి అంచును చూడాలి.

బయట జరిగే మార్పులు

నాణేలు ఎన్నో చోట్ల దెబ్బతింటాయి. గోదావరి వంతెన మీద రైలు పోతుంటే ప్రయాణికులు నదిలోకి నాణేలు విసురుతారు. కొందరు వాటిని అయస్కాంతాలతో ఏరుతారు. నీటిలో, ఇసుకలో ఎక్కువ కాలం ఉన్న నాణెం నల్లబడుతుంది, గుంటలు పడుతుంది. మంటలో పడిన స్టీలు నాణేనికి నీలం, పసుపు రంగులు వస్తాయి. ఆమ్లంలో నానిన నాణెం అన్ని వైపులా సమంగా కరిగి పలచబడుతుంది. దాని అక్షరాలు మెత్తబడతాయి, బరువు తగ్గుతుంది. మెడలో వేసుకోవడానికి చిల్లు పెట్టినవీ ఉంటాయి. ఇవేవీ ఎర్రర్ నాణేలు కావు. రంగు మారడం దాదాపు ఎప్పుడూ బయట జరిగినదే.

కావాలని మార్చడం ఎంత పాత వ్యాపారమో 1943 నాటి అమెరికా సెంటు చెబుతుంది. రాగి యుద్ధ అవసరాలకు కావలసి రావడంతో ఆ ఏడాది సెంటును జింకు పూత వేసిన ఉక్కుతో చేశారు. ముందటి ఏడాది మిగిలిన కంచు బిళ్ళలు కొన్ని పొరపాటున అచ్చుల కిందికి వచ్చాయి. అలాంటివి చాలా కొద్దిగా దొరికాయి, వాటికి పెద్ద ధర పలుకుతుంది. అందుకే నకిలీలు రెండు రకాలుగా వచ్చాయి. ఉక్కు సెంటుకు రాగి పూత వేయడం ఒకటి. అది అయస్కాంతానికి అంటుకుంటుంది. 1948 నాటి కంచు సెంటులో 8 అంకెను గీకి 3 చేయడం రెండోది. అది అయస్కాంతానికి అంటుకోదు, తూకంలోనూ 3.11 గ్రాములు సరిగ్గా తూగుతుంది. దాన్ని పట్టుకోవాలంటే అంకె ఆకారాన్ని మామూలు 1943 ఉక్కు సెంటులోని 3తో పోల్చి చూడాలి. ఒక పరీక్ష గట్టెక్కినంత మాత్రాన నాణెం అసలుది అయిపోదు.

లోపం కానివి

కొన్ని నాణేలు మామూలువే, అయినా లోపమనో అరుదనో ప్రచారం జరుగుతుంది. సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తు టంకశాలది. నక్షత్రాకారం హైదరాబాద్‌ది, వజ్రాకారం ముంబైది, బిందువు నోయిడాది. గుర్తు లేకపోతే కోల్‌కతాది. కాబట్టి గుర్తు లేకపోవడం లోపం కాదు. 1985 రూపాయి నాణేల్లో కొన్నిటి మీద హెచ్ అక్షరం ఉంటుంది. అవి బర్మింగ్‌హామ్‌లో చేయించి తెప్పించినవి. వైష్ణోదేవి బొమ్మతో 2012లో వచ్చిన ఐదు, పది రూపాయల నాణేలు ప్రభుత్వం స్మారకంగా విడుదల చేసినవి. పది రూపాయల నాణెం వేర్వేరు రూపాల్లో కనిపించడం కూడా సహజమే. 14 రూపాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో చెప్పింది.

చేతికి వింత నాణెం వస్తే

మొదట దాన్ని తోమకూడదు. చింతపండు, సబ్బు, బ్రష్షు ఏవీ వద్దు. లోహం పారిన గుర్తులు, సహజమైన మెరుపు ఉపరితలం మీదే ఉంటాయి. తోమితే సాక్ష్యం పోతుంది, విలువ కూడా తగ్గుతుంది.

తర్వాత అదే ముఖ విలువ, అదే తరహా మామూలు నాణేన్ని పక్కన పెట్టాలి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు, ఒక అయస్కాంతం చాలు. గీతలు మిట్టా పల్లమా చూడాలి. బరువు, వెడల్పు పోల్చాలి. తెగిన చోట, పోయిన చోట లోహం పారిందా, కోత పడిందా గమనించాలి. చివరగా ఇది ఏ దశలో జరిగి ఉంటుందో మాటల్లో చెప్పి చూడాలి. నకిలీల విషయంలో చాలావరకు ఈ కథ మధ్యలోనే ఆగిపోతుంది.

అసలుదే అనిపిస్తే నాణేల సేకర్తల సంఘాల వారికి, పేరున్న వేలం సంస్థలకు చూపించవచ్చు. ధరకు పట్టిక లేదు. లోపం ఎంత స్పష్టంగా ఉంది, అలాంటివి ఎన్ని దొరికాయి, కొనేవారు ఎవరు అన్న వాటిని బట్టి ధర మారుతుంది. చిన్న పగులు గీతకు ముఖ విలువకు మించి పెద్దగా ఏమీ రాకపోవచ్చు. ముందు రుసుము కట్టమన్నవారితో మాట్లాడడం అక్కడే ఆపేయాలి.

లోపాన్ని తయారు చేయాలన్న ఆలోచన మాత్రం పనికిరాదు. 2011 నాణేల చట్టం నాణేలను కరిగించడాన్ని, ధ్వంసం చేయడాన్ని నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే ఏడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. పైగా ఆకురాయి, ఆమ్లం, వైస్ చేయగలిగేది ఉన్న లోహాన్ని తీసేయడం, నలపడం మాత్రమే. అచ్చుల ఒత్తిడికి లోహం పారిన తీరును అవి తిరిగి తేలేవు. కొనేవాడు వెతికేది ఆ తీరునే.